టెంటు గుడ్డ మీద రెండో నీడ

ఈ సంగతి ఇన్నాళ్లూ ఒకే తీరుగా చెప్పుకుంటూ వచ్చాను. నా బామ్మర్ది సైలు చెరువు కాడ కల్లు తాగి, లేని మనిషిని చూశానన్నాడని. అది అబద్ధం. సైలు ఆ రోజు చుక్క ముట్టలేదు. వాడు చూసిన మనిషిని నేను కూడా చూశాను.

నేను జనగామలో సైన్సు టీచర్ని. దయ్యాలు లేవని క్లాసులో చెప్పడమే కాదు, మనసులో కూడా ఎప్పుడూ నమ్మలేదు. ఇది రాస్తున్నప్పుడు కూడా ఆ మాట మీదే నిలబడాలని ఉంది.

సైలు నా భార్యకు తమ్ముడు. ఒక ప్రైవేటు స్కూలు వ్యాను నడిపేవాడు. ఆదివారం వస్తే ఇద్దరం గాలాలు పట్టుకొని, బండి మీద బచ్చన్నపేట అవతల ఒక చెరువుకు పోయేవాళ్లం. చేపలు పడ్డా పడకపోయినా సాయంత్రం దాకా కూర్చునేవాళ్లం. వాన వస్తే మాత్రం తలదాచుకోను చెట్టు కూడా లేదక్కడ.

అందుకే ఆ వానాకాలం ఏదో ఒకటి కొందామనుకున్నాం. సైలు నేలలో గుచ్చే పెద్ద ఛత్రి కొందామన్నాడు. నలుదిక్కులా కనబడతది, పురుగొచ్చినా మనిషొచ్చినా ఎరుకైతది అని వాడి వాదన. నాకది నచ్చలేదు. చెరువు గాలికి గొడుగు తిరగబడుతుంది, ఏటవాలు జల్లును ఆపదు, ఆ పొడుగాటి ఊచను బండి మీద మోయడం ఒక తిప్పలు. నా మాటే నెగ్గింది. సంచిలోంచి తీసి విసిరితే దానంతటదే విచ్చుకునే టెంటు కొన్నాం. పెద్ద నీళ్ల సీసా అంత బరువు. లేత బూడిద రంగు పల్చటి గుడ్డ. మూడు వైపులా మూసి ఉంటుంది, నీళ్లకేసి ఒక్క వైపే తెరిచి ఉంటుంది.

విప్పడం ఎంత తేలికో మడవడం అంత కష్టం. "బావా, గిది తెరుసుడు నాకు గూడ అస్తది. మూసుడే నీ సైన్సుకు గూడ అందుతలేదు" అని సైలు నవ్వేవాడు.

సైలుకు ఒక అలవాటుంది. గాలం వేసే ముందు కట్ట మైసమ్మకు కల్లు సాక పోస్తాడు. గుడి లేదు, కట్ట మీద పసుపు పూసిన రాయి, అంతే. సీసాలో తెచ్చిందంతా ఆ రాయి ముందు నేల మీద వంచేస్తాడు. ఆ రోజూ వంచాడు. "ఓ గుక్కన్న మిగులవెట్టరాదుర" అని ఆటపట్టించాను. "అమ్మది ఎంగిలి చేస్తమా బావా!" అని కసిరాడు. ఖాళీ సీసా నా కళ్ల ముందే సంచిలో పెట్టుకున్నాడు.

మధ్యాహ్నం దాటాక జల్లు పడింది. ఇద్దరం టెంటులో కూర్చున్నాం. ఎర అయిపోతే, వాన కొంచెం తెరిపిచ్చాక వానపాముల కోసం నేను కట్ట అవతలికి పోయాను. తిరిగి కట్ట ఎక్కేసరికి మబ్బు చీలి, పొద్దు చెరువు మీదుగా ఎదురుగా కొడుతోంది. ఆ వెలుగుకు టెంటు వెనక గుడ్డ మీద లోపలి మనుషుల నీడలు పడ్డాయి.

రెండు నీడలు.

ఒకటి సైలుది, గాలం కర్ర పట్టుకొని ఉన్నాడు. పక్కనే మోకాళ్లు ముడుచుకొని ఇంకొకరు, వానకు గొర్లకాపరులు వేసుకున్నట్టు గొంగడి తల మీదికి కొప్పెర వేసుకొని. వానకు ఎవరో గొర్లాయన చేరాడనుకున్నాను. కట్ట దిగుతున్నంతసేపూ ఆ రెండో నీడ కదల్లేదు. గుడ్డను తాకేంత దగ్గరికి వచ్చేదాకా అది అక్కడే ఉంది.

ముందుకు తిరిగి చూస్తే సైలు ఒక్కడే ఉన్నాడు.

"బావా, పెద్దయ్య ఎటు పోయిండు?" అన్నాడు. "గిప్పుడే గీడ కూసున్నడు గద. ఎన్నొద్దులకో తడువకుంట కూసున్న బిడ్డా అన్నడు."

ముందు నీళ్లు. రెండు పక్కలా చెట్టూ పుట్టా లేని బురద. ఆ బురదలో మా ఇద్దరి అడుగులు తప్ప ఇంకేమీ లేవు. టెంటు ఎక్కడా కారలేదు. అయినా సైలు పక్కన కింది గుడ్డ ఒక మనిషి కూర్చున్నంత మేర తడిసి ఉంది. చెయ్యి పెట్టాను. తడి చల్లగా లేదు. ఒంటి మీంచి అప్పుడే విడిచిన బట్టలా గోరువెచ్చగా ఉంది. తడిసిన ఉన్ని వాసన వేసింది.

"ఎవల్లేరు, లే పోదాం" అన్నాను. నేను చూసిన రెండో నీడ సంగతి వాడికి చెప్పలేదు.

సైలు దాచుకునే రకం కాదు. ఇంట్లో చెప్పాడు, వీధిలో చెప్పాడు. అది పిల్లల తల్లిదండ్రుల దాకా పోయింది. సైలు వ్యాను నడిపే స్కూలు యజమాని నన్ను పిలిపించాడు. "మీరు చదువుకున్నోళ్లు సార్, మీరే చెప్పుండ్రి. ఏం జరిగింది?" అని అడిగాడు. సైన్సు సారు కూడా దయ్యాన్ని చూశాడట అని నా పిల్లలు నవ్వడం కళ్ల ముందు కనబడింది. "ఏం లేదండీ. కల్లు సీసా తెచ్చుకున్నాడు" అన్నాను. సీసా తెచ్చిన మాట నిజమే. అంతవరకే చెప్పి ఊరుకున్నాను.

తాగి లేనిది చూసేవాడి చేతిలో పిల్లల్ని ఎవరు పెడతారు? వాడిని వ్యాను దింపేశారు. తర్వాత ఏ స్కూలూ పెట్టుకోలేదు. పత్తి మార్కెట్లో హమాలీగా చేరాడు. అక్క ఇంటికి రావడం మానేశాడు. సాక పోసిన చేతిని తాగిన చేతిగా చేసింది నేనేనని నా భార్యకు కూడా చెప్పలేదు.

నాకు నేను సర్దిచెప్పుకోవాలని చాలా చూశాను. అదే టెంటును మేడ మీద విప్పి, సాయంత్రం ఎండలో నా భార్యను లోపల కూర్చోబెట్టి చూశాను. ఎటు తిప్పినా ఒక మనిషికి ఒకే నీడ పడింది. ఆ తడికి మాత్రం ఏ లెక్కా కుదరలేదు. ఇప్పటికీ ఆ కూర్చున్నది ఎవరో, ఏమిటో నాకు తెలియదు. తెలియదు అనే మాట అప్పుడే అని ఉంటే సరిపోయేది.

మొన్న, ముందుగా ఇంట్లో నిజం చెప్పాను. నా భార్య లేచి లోపలికి పోయింది. తర్వాత స్కూలు యజమాని దగ్గరికి పోయి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "మీరు గూడనా సార్!" అని నవ్వాడు. సైలు ఉద్యోగం గురించి అడిగితే ఇంకో డ్రైవరున్నాడన్నాడు.

అక్కడి నుంచి పత్తి మార్కెట్‌కు పోయాను. సైలు తోటి హమాలీలతో కలిసి చాయ్ తాగుతున్నాడు. జుట్టు నిండా దూది. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. నేను మొదలుపెట్టగానే ఏం చెప్పబోతున్నానో వాడికి అర్థమైంది.

"గీడ వద్దు బావా. అందరు నవ్వుతరు నిన్ను" అన్నాడు మెల్లగా.

"నవ్వనీ" అన్నాను. చాయ్ గ్లాసులు పట్టుకొని చూస్తున్న వాళ్లందరికీ వినబడేటట్టు చెప్పాను. "ఆ రోజు సైలు తాగలే. పెద్దయ్యను నేను గూడ చూసిన. చూసి, లేదన్న. నా ఇజ్జత్ కోసం వీని ఇజ్జత్ తీసిన. తప్పైంది సైలూ, మాఫ్ చెయ్యి."