పిడి లోపలి తుప్పు

నా చిన్నప్పుడు నాకు తుప్పంటే పగ. కమ్మరి ఇంట్లో పుట్టినవాడికి అది సహజమేనని అనుకునేవాణ్ణి. మా తాత కొలిమి ముందు కూర్చుని నాగలి కర్రులు, కొడవళ్లు సాగగొడుతుంటే, పక్కన గుట్టగా పడి ఉన్న పాత ఇనుమును చూసి నాకు చేతులు దురద పెట్టేవి. ఏది దొరికితే అది ఇటుకపొడి, చింతపండు గుజ్జు పెట్టి తోమేవాణ్ణి. తెల్లగా మెరిసేదాకా వదిలేవాణ్ణి కాదు. మా నానమ్మ చూసి, "వీనికి నా బోళ్లన్న ఇయ్యుండ్రి, నా పనన్న తప్పుతది" అని నవ్వేది. తొమ్మిదేళ్ల వయసులో ఆ నవ్వు కూడా నాకు మెప్పులాగే వినిపించేది.

ఒకరోజు మా ఊరి గొర్రెల కాపరి ఒకాయన తన కత్తి తెచ్చి తాతకు ఇచ్చిపోయాడు. కొమ్మలు నరికి గొర్రెలకు మేత వేసే కత్తి అది. వాళ్ల నాన్న వాడినది. దాన్ని చేసింది మా తాత వాళ్ల నాన్న. కర్రపిడి పగిలిపోతే కొత్త పిడి వెయ్యమన్నాడు. తాత పాత పిడి ఊడదీసి, కత్తిని గోడకు ఆనించి, అంగడికి వెళ్లాడు. నేను చూద్దును కదా, పిడి లోపల దాగి ఉండే కొస నల్లగా, బుడిపెలు బుడిపెలుగా తుప్పు పట్టి ఉంది. అంత తుప్పు నేనెప్పుడూ చూడలేదు. తాత తిరిగొచ్చేసరికి ఆశ్చర్యపరుద్దామని పూనుకున్నాను. తోమితే పోలేదు. సానరాయి తీశాను. పొద్దు వాలేదాకా రుద్దీ రుద్దీ చేతులు బొబ్బలెక్కాయి. మొన నుంచి కొస దాకా కత్తిని అద్దంలా చేసి పెట్టాను.

తాత వచ్చి చూశాడు. కొసను వెలుతురులో పెట్టి అటూ ఇటూ తిప్పాడు. అక్కడ మా ముత్తాత కొట్టిన గుర్తు ఒకటి ఉండేదట. దాన్ని నేను ఆనవాలు లేకుండా అరగదీశానని నాకు అప్పుడు తెలియదు. తాత కొత్త పిడి వేశాడు. మర్నాడు కాపరి వచ్చి, కత్తిని చేతిలోకి తీసుకుని, ఒకసారి బరువు చూసి, మళ్లీ కింద పెట్టేశాడు.

"మామా, ఇది నాది గాదు. మా అయ్య కత్తి నాకియ్యి."

"నీదే అల్లుడా. మా పోరగాడు తోమిండు."

"తోమితే పాతది కొత్తదైతదా? నీదే అంటున్నవు గదా, పిడి ఇప్పి గుర్తు సూపియ్యి."

చూపించడానికి తాత దగ్గర ఏమీ లేదు. ఊళ్లో ఆయన మాటకు ఎంతో విలువ ఉండేది. కానీ ఆ పూట ఆయన దగ్గర మాట తప్ప మరేమీ లేదు. కాపరికి కోపం కూడా రాలేదు. తువ్వాలతో ముఖం తుడుచుకుని, కత్తి అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆయన మా కొలిమి గడప తొక్కలేదు. పక్క ఊరి కమ్మరి దగ్గరికి నడిచి వెళ్లేవాడు.

నాకు దెబ్బలు తప్పవనుకున్నాను. తాత కొట్టలేదు. ఆ కత్తి నా చేతిలో పెట్టి, "పో, ఐదిండ్లకు పోయి ఇది ఎన్నేండ్ల కత్తో అడిగి రా" అన్నాడు. ఎర్రటి ఎండలో బయల్దేరాను. మొదటి ఇంట్లో "నిన్ననే చేసిండా మీ తాత?" అన్నారు. రెండో ఇంట్లో "కొత్తది, మంచిగున్నది" అన్నారు. మూడో ఇంటావిడ తనకూ అలాంటిదే ఒకటి కావాలంది. నాలుగో ఇంటికి వచ్చేసరికి నాకు విషయం అర్థమైంది. ఐదో ఇంటి ముందు నిలబడ్డానే గానీ అడగడానికి నోరు రాలేదు. తిరిగొచ్చి తాత పక్కన కూలబడ్డాను. ఆయన తన రెండు అరచేతులూ నా ముందు చాపాడు. నిప్పురవ్వలు కాల్చిన మచ్చలు, సుత్తి పట్టిన కాయలు. "గీటిని గూడ తోముతవా బిడ్డా?" అన్నాడు. నేను ఆయన ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చాను.

ఇప్పుడు నాకు అరవై దగ్గర పడింది. మా కొలిమి ఎప్పుడో చల్లారింది. సౌదీకి వచ్చి ఇరవై ఆరేళ్లు. తాయిఫ్‌లో ఒక పెద్ద సౌదీ ఆయన ఇంట్లో పని చేస్తాను. అందరిలాగే నేనూ ఆయన్ని బాబా అనే పిలుస్తాను. కుళాయిలు, మోటార్లు, తలుపులు, దానిమ్మ చెట్లకు నీళ్లు, అన్నీ నావే. కమ్మరి మనవణ్ణని తెలిసిన రోజు నుంచి ఆయన కత్తులు కూడా నావే అయ్యాయి.

బాబాకు జపాను పాత కత్తులంటే ప్రాణం. ఇంట్లో నాలుగున్నాయి. తెల్లగుడ్డ మీద పరిచి, దూది చుట్టిన కర్రతో పొడి అద్ది, పల్చగా నూనె పట్టించాలి. అలుగు మీద, అంటే పిడి బయట మెరిసే ఇనుము మీద, వేలు పెట్టకూడదు. ఊపిరి కూడా తగలనివ్వకూడదు. ఇవన్నీ బాబా దగ్గరే నేర్చుకున్నాను. ఇంట్లో మిగతావాళ్లకు అదంతా ముసలాయన పిచ్చి. నాకు మాత్రం ఆ గదిలో ఉన్నంతసేపే ఈ దేశంలో నా కులవృత్తి నాకు గుర్తొచ్చేది.

కత్తి కొనడం ఒక పూట పని. తెప్పించడమే ఒక జన్మ. మనకు ఇక్కడ ఉండటానికి ఇకామా కార్డు ఉన్నట్టే జపానులో ప్రతి పాత కత్తికీ ఒక కార్డు ఉంటుంది. అది దేశం దాటాలంటే ఆ కార్డు వాళ్ల సర్కారుకు తిరిగి ఇచ్చేసి, మనం ఇంటికి వెళ్లేందుకు తీసుకునే ఎగ్జిట్ లాంటి కాగితం తీసుకోవాలి. దానికి మళ్లీ గడువు. గడువులోగా విమానం ఎక్కకపోతే మొదటికొస్తుంది. ఈ మాట చెబితే మా రూమ్ వాళ్లు, "అయితే కత్తికి గూడ కఫీల్ ఉంటడా అన్నా" అని ఒకటే నవ్వడం. కఫీల్ అంటే ఇక్కడ మనకు పూచీగా ఉండే యజమాని. కాగితం చేతికొచ్చినా మోసుకొచ్చేవాడు దొరకడు. కత్తి అనగానే ఫోన్ పెట్టేసేవాళ్లే ఎక్కువ. ఒక కత్తి సగం దారిలో వేరే దేశంలో ఆగిపోయి వెనక్కి వెళ్లిపోయింది. ఇంకోదాని పిడికి చుట్టిన తోలు ఏదో సముద్రపు చేపదట. అది ఏ చేపో రాసి ఇమ్మన్నారు. ఆ చేప పేరు కోసం బాబా రెండు నెలలు ఉత్తరాలు రాశాడు. ఇక్కడికి చేరాక ఆయుధం కాదు, పురాతన వస్తువు అని అనుమతి తెచ్చుకోవాలి. ఒక సంతకం దొరికేసరికి పాత సంతకానికి కాలం చెల్లేది. వింటున్న మీకే విసుగొస్తుంటే తిరిగినవాడి సంగతి ఆలోచించండి.

చివరి కత్తి మరీ ఏడిపించింది. అది జెద్దాలో దిగింది. సరుకు విడిపించే ఏజెంటు పని తొందరగా అవుతుందని, కాగితం మీద కత్తి అని రాయకుండా ఇంటి అలంకరణ సామాను అని రాశాడు. పెట్టె తెరిచేసరికి కత్తి. అంతే, ఐదు నెలలు అక్కడే పడుంది. ఆ ఐదు నెలల్లోనే బాబా చూపు మసకబారడం మొదలైంది. డాక్టర్లు ఇక ఆగదన్నారు. ఆయన రోజూ పొద్దున నన్ను పిలిచి, జెద్దా నుంచి ఫోన్ వచ్చిందా అని మాత్రం అడిగేవాడు. మొదట్లో నా ముఖం చూసే జవాబు గ్రహించేవాడు. తర్వాత్తర్వాత నేను గొంతు విప్పి రాలేదని చెప్పాల్సి వచ్చేది.

ఆఖరి తనిఖీకి తేదీ ఇచ్చారు. ఆ రోజు అది పాతదని తేలకపోతే వెనక్కి పంపడమో, ముక్కలు చేయించడమో జరుగుతుందని ఏజెంటు చెప్పాడు. బాబా నన్ను వెళ్లమన్నాడు. కారు నడిపే తమ్ముడు మా కామారెడ్డి వైపువాడే. తాయిఫ్ కొండల ఘాటు రోడ్డు దిగుతూ గొణిగాడు.

"ఎన్నిసార్లు దిగుతమన్నా ఒక్క ఇనుప ముక్క కోసం?"

"బాబా కండ్లు పోతున్నయి రా. అవి పోకముందు తేవాలె."

వాడు జెద్దా దాకా రేడియో కూడా పెట్టలేదు.

అక్కడ తనిఖీకి ముందు పెట్టె మమ్మల్ని చూసుకోనిచ్చారు. నేను లోపలికి వెళ్లేసరికి ఏజెంటు మనిషి, నా ఈడు పాకిస్తానీ ఆయన, కత్తి పిడి ఊడదీసి కూర్చున్నాడు. చేతిలో గిన్నెలు తోమే ఇనుప పీచు. పిడి లోపలి కొస మీద నల్లటి తుప్పు. ఆయన పాపం మంచి మనసుతోనే, "ఆవో భాయ్, యే జంగ్ నికాల్ దేతే హైఁ. చమకేగా తో సాహబ్ భీ ఖుష్" అన్నాడు. తుప్పు వదిలించి మెరిపిస్తే ఆఫీసరు సంతోషిస్తాడని ఆయన నమ్మకం. పీచు ఆయన చేతిలోంచి దాదాపు లాక్కున్నాను. ఆయన నొచ్చుకుని బాబా కొడుక్కి ఫోన్ కలిపి నా చేతికిచ్చాడు. కొడుకు విసుగ్గా, "శుభ్రం చెయ్యమంటే చెయ్యి. అది ఆగిపోతే నీదే పూచీ" అన్నాడు. నేను "లా" అన్నాను. ఇరవై ఆరేళ్లలో ఆ ఇంటివాళ్లకు నేను కాదని చెప్పడం అదే మొదలు. చెప్పి ఫోన్ ఆయన చేతికి తిరిగి ఇచ్చేశాను.

ఆఫీసరు వచ్చాడు. నెరిసిన గడ్డం, నిదానమైన మనిషి. అలుగును దీపం కింద పెట్టి చూసి తల అడ్డంగా ఊపాడు. అది నిన్న చేసినట్టు తళతళలాడుతోంది. జపానువాళ్లు అలుగును అలాగే కాపాడుకుంటారు, వందల ఏళ్లదైనా సరే. కాగితంలో మూడు వందల ఏళ్లని ఉందని ఏజెంటు మనిషి అన్నాడు. కాగితం వేరే కత్తిదై ఉండొచ్చు, ఇది ఆ కత్తే అని ఎలా తెలుస్తుంది అని ఆఫీసరు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. ఆ ప్రశ్న నేను ఇంతకుముందు ఒకసారి విన్నాను. జవాబు లేక తల దించుకున్న మనిషినీ చూశాను.

అమ్మినవాడు పంపిన కాగితాల అడుగున ఒక పల్చటి కాగితం ఉంది. కత్తి కొస మీద పరిచి రుద్ది తీసిన అచ్చు అది. మరకలనుకుని దాన్ని ఎవరూ పైకి తీయలేదు. దాన్ని తీసి కత్తి పక్కన పరిచాను. కొస మీద చేసినవాడు ఉలితో చెక్కిన పేరు ఉంది. అందులో ఒక అక్షరం కాలు దగ్గర తుప్పు తిని చిన్న గుంట పడింది. అచ్చులోనూ అదే అక్షరానికి, అదే చోట, అదే గుంట. నా వచ్చీరాని అరబ్బీలో, "మా తాత ఇనుము పని చేసేవాడు సార్, ఇంత తుప్పు మనిషి చెయ్యలేడు, కాలమే చెయ్యాలి" అన్నాను. ఆఫీసరు ఒకసారి గుంటను, ఒకసారి అచ్చును, చాలాసేపు చూశాడు. తర్వాత తన గోరుతో తుప్పును తాకబోయి, తనే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అప్పుడే నాకు పని అయిపోయిందని తెలిసింది.

అయినా ముద్రలన్నీ పడి కత్తి తాయిఫ్ చేరడానికి ఇంకో మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాల్లో బాబాకు వెలుతురు, చీకటి తప్ప మరేమీ తెలియకుండా పోయింది. నేను ఓడిపోయాననే అనుకున్నాను. పెట్టె ఆయన ముందు పెట్టి, తెల్లగుడ్డ పరిచి, కత్తి తీశాను. మెరుస్తోందా అని అడిగాడు. మెరుస్తోంది బాబా, కానీ జెద్దా తేమకు అలుగు మీద గోరంత మచ్చ పడింది అని ఉన్నదున్నట్టు చెప్పాను. సానబట్టించాలంటే మళ్లీ జపాను పంపాలి, మళ్లీ అదే దారి. వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. "పిడి తియ్యి" అన్నాడు.

వెదురు మేకు తట్టి పిడి ఊడదీసి, అలుగును నేను పట్టుకుని, కొసను ఆయన చేతికి అందించాను. అలుగును తాకకూడదు గానీ కొసను తాకొచ్చు. ఆయన చూపుడువేలు ఆ తుప్పు మీద మెల్లగా కదిలింది. ఒక్కో గీతనూ పట్టుకుంటూ, మొదటి అక్షరం, రెండోది, మూడోది. ఆ గుంట దగ్గర ఆగింది. ఆయన ముఖం విచ్చుకుంది. "కదీమ్" అన్నాడు. పాతది. మళ్లీ అదే మాట అన్నాడు, ఈసారి నా చెయ్యి కూడా తీసుకుని ఆ గుంట మీద పెట్టి. ఆ రోజు జెద్దాలో ఆ పీచు ఆడి ఉంటే బాబా వేలికి ఉత్త నున్నటి ఇనుము తగిలేది.

నేను అలసిపోయాను. వచ్చే ఏడాది ఫైనల్ ఎగ్జిట్ అడిగి ఇక ఇంటికి వెళ్లిపోదామనుకుంటున్నాను. తాతతో ఇవన్నీ చెప్పుకునే అదృష్టం నాకు లేదు. ఆయన నన్ను ఒక్క దెబ్బ కొట్టి ఉన్నా ఈపాటికి మరిచిపోయేవాణ్ణి. కొట్టలేదు కాబట్టి ఇవాళ్టికీ ఏ పాత వస్తువు చేతికొచ్చినా, మనిషి ముఖమే ఎదురైనా, ముందు నా చేతులు ఆగుతాయి. ఎవరి చెయ్యి తగిలి ఇది ఇలా అయిందో చూసుకున్నాకే కదులుతాయి.