నిద్రలో మగ్గం తొక్కిన మా చెల్లె

దయ్యాలున్నాయని నాతో ఎవరైనా అంటే కొట్లాటకు దిగుతాను. తాయెత్తులు కట్టేవాళ్లతో నేను పెట్టుకున్నన్ని పంచాయితీలు మా వాడకట్టులో ఇంకెవరూ పెట్టుకోలేదు. ఇది చదివి ముసలిదానికి మతి తప్పిందనుకుంటే అనుకోండి. చూసిందీ విన్నదీ మాత్రమే రాస్తున్నాను.

మాది రామన్నపేట దగ్గర ఒక ఊరు. సాలెవాళ్లం. అవి నిజాం రోజులు. బాపు గుంతలో కాళ్లు పెట్టి తొక్కే గుంట మగ్గం మీద నేసేవాడు. చిన్నప్పుడు నారికురుపు లేచి ఆయన ఎడమ మోకాలు వంగకుండా పోయింది. అందుకే ఆయన తొక్కుడు వేరుగా ఉండేది. కుడికాలు టక్కున పడేది, ఎడమకాలు ఈడ్చుకుంటూ ఆలస్యంగా పడేది. అట్లా పదకొండు జతలు తొక్కి, కాలికి కాస్త విశ్రాంతి ఇచ్చి, మళ్లీ మొదలుపెట్టేవాడు. పక్కన కూర్చుని లెక్కపెట్టడం నాకు ఆట.

మా చెల్లె లచ్చి అమ్మ కడుపులో ఉండగానే బాపు జ్వరంతో పోయాడు. పుట్టబోయే బిడ్డ పొత్తిళ్ల కోసం మెత్తటి నూలుతో ఒక బట్ట మొదలుపెట్టి ఉన్నాడు. అది సగంలో ఆగింది. నేసేవాళ్ల ఇల్లే గానీ ఆ రోజు ఇంట్లో కొత్త గుడ్డ లేదు. అమ్మ ఆ సగం బట్టనే మగ్గం మీంచి కోసి ఆయన మీద కప్పింది.

మాలో అట్లా కోయరు. మనిషి పోతే అన్నో తమ్ముడో కూర్చుని ఆ బట్ట ముగించాలి. బాపుకు తోడబుట్టినవాళ్లు లేరు. ఇంకా నేయని పడుగు పోగులను చుట్టి దూలానికి కట్టారు. మగ్గం గుంతను పూడ్చడానికి బాపు తల్లి, మా అవ్వ ఒప్పుకోలేదు, పైన చెక్కలు పరిచారు. అమ్మ ఇంటింటికీ నూలు కండెలు చుట్టి మమ్మల్ని సాకింది.

లచ్చికి ఐదేళ్లు వచ్చిన వానకాలం ఇల్లు కారింది. మా చాప ఆ చెక్కల మీదికి జరిగింది. ఆ వారంలోనే మొదలైంది.

కళ్లు మూతపడగానే దాని కాళ్లు ఆడేవి. పట్టుకుంటే విదిలించుకునేది. "కాళ్లు నిలుస్తలేవమ్మా" అని ఏడుస్తూ లేచేది. పగలు బువ్వ ముద్ద చేతిలో ఉండగానే తూలిపోయేది. నెల తిరిగేసరికి చేతులు పుల్లలయ్యాయి. మిరపకాయలతో దిష్టి తీశారు. దర్గా నుంచి తాయెత్తు తెచ్చారు. ఆ తాయెత్తును నేనే తెంపి అవతల పారేశాను, అమ్మ చేతిలో దెబ్బలు కూడా తిన్నాను.

పక్కింటి పెద్దమ్మ వచ్చి, "ఆవగింజంత నల్లమందు పెట్టరాదే. మేమందరం పెట్టుకునే పిల్లల్ని పెంచినం" అంది. అమ్మకు నెల రోజులుగా కంటిమీద కునుకు లేదు. పెట్టింది.

మర్నాడు మధ్యాహ్నమైనా లచ్చి లేవలేదు. నీళ్లు చల్లినా కనురెప్ప కదల్లేదు. ఒళ్లంతా గుడ్డపీలికలా వేలాడుతోంది, కాళ్లు మాత్రం ఆగలేదు. అమ్మ మిగిలిన మందును పొయ్యిలో పారేసి కూలబడింది. "గీ పిల్లను గూడ మట్టిల పెడతనేమో" అంది.

గోడవారగా కూర్చున్న అవ్వ తల ఎత్తింది. ఆమెకు రెండు కళ్లలోనూ పూలు పడ్డాయి, చూపు లేదు.

"మగ్గం తొక్కుతున్నదెవరే?"

"ఎవరూ లేరవ్వా. లచ్చి మడిమలు చెక్కకు తాకుతున్నయి" అన్నాను.

"గది నా కొడుకు తొక్కుడు."

నాకు ఒళ్లు మండింది. అవ్వ మాట తప్పని తేల్చడానికే లెక్కపెట్టాను. ఒకటి టక్కున, ఒకటి ఆలస్యంగా. పదకొండు జతలు. ఆగింది. మళ్లీ పదకొండు. చాపను చెక్కల మీంచి కారుతున్న మూలకు లాగి మళ్లీ లెక్కపెట్టాను. అక్కడా పదకొండే.

సాయంత్రానికి లచ్చి కళ్లు తెరిచింది. అప్పుడు అమ్మ, బాపు బట్టను ముగించాలని దూలం మీది పడుగు దించి, తనకు మామ వరసయ్యే పక్కింటాయనను మగ్గం కట్టమంది. మా దగ్గర ఆడవాళ్లు నేయడానికి గుంతలో దిగేవాళ్లు కాదు.

"ఆడదానివి నువ్వు దిగుతవా?" అన్నాడాయన.

"నా బిడ్డ పండుకోవాలె మామా. నువ్వు దిగుతనంటే చెప్పు, నేను అడ్డం రాను."

ఆయన మగ్గం కట్టి వెళ్లిపోయాడు.

మూడు రోజులు అమ్మ నేసింది. పోగులు తెగుతూనే ఉన్నాయి. లచ్చి కాళ్లు ఆగలేదు. నాలుగో రోజు దీపాలు పెట్టేవేళ నేను గడప దగ్గర కండెలు చుడుతున్నాను. లోపల తొక్కుడు మారింది. వద్దనుకుంటూనే లెక్కపెట్టాను. పదకొండు జతలు, విశ్రాంతి, మళ్లీ పదకొండు. తొంగి చూస్తే గుంతలో అమ్మే ఉంది. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి, చేతులు మాత్రం ఆగడం లేదు. పక్కన చాప మీద లచ్చి కాళ్లు కదలడం లేదు.

పడుగు అయిపోయాక అమ్మ ఆ బట్టను కోసి లచ్చి మీద కప్పింది. నమ్మకం కుదరక తెల్లవార్లూ దాని పాదాలు పట్టుకునే కూర్చుంది. అది పొద్దెక్కేదాకా నిద్రపోయింది.

"బాపు తీరుగ ఎందుకు తొక్కినవమ్మా?" అని అడిగాను.

"నేను తొక్కలే బిడ్డా. నా ఎడమ మోకాలు వంగనే లేదు."

చాలా ఏళ్లకు దవాఖానలో ఒక డాక్టరమ్మకు ఇదంతా చెప్పాను. ఒంట్లో రక్తం తక్కువైతే పిల్లల కాళ్లు అట్లా నిలవవని, దాన్ని గాలి సోకిందనుకుని ఆలస్యం చేయొద్దని చెప్పింది. ఒప్పుకున్నాను, నా మనవరాళ్లను అట్లాగే దవాఖానకు తీసుకుపోయాను. కానీ బాపు తొక్కుడు ఎన్నడూ వినని పిల్ల కాళ్లకు పదకొండు ఎట్లా తెలిసిందో ఆమె చెప్పలేదు. కడుపులో ఉండగా విని ఉంటుందని మా వాళ్లంటారు. అదే నిజమైతే మరి అమ్మ మోకాలి సంగతేమిటి?

లచ్చికి పెళ్లయ్యాక కూడా, పుట్టింటికి వచ్చినప్పుడల్లా అమ్మ పడుకునే ముందు దాని కాళ్ల మీద చెయ్యి వేసి కాసేపు ఆగేది. పెదవులు కదిలేవి. నేనూ పక్క చాప మీద పడుకుని, ఆమెతోపాటే పదకొండు దాకా లెక్కపెట్టేదాన్ని.