చందువ వేపుడు, స్పెయిన్ బుడగలు

నాలుకకు తగలని దాని మీద మీరు ఎన్నిసార్లు తీర్పు చెప్పారు? ఊళ్లో చర్చావేదికల మీద "రుజువు చూపించు" అని ఎదుటివాళ్లను నిలదీసి చప్పట్లు కొట్టించుకున్నవాణ్ని నేను. కువైట్‌లోని మిష్రిఫ్‌లో ఒక వంటగదిలో అదే ప్రశ్నకు దొరికిపోయాను.

నేను ఆ ఇంటి డ్రైవర్‌ని. వంట చేసేది నరసాపురం వైపు అమ్మాయి. ఇల్లు తుడవడానికి వచ్చింది. పాత వంటావిడ వెళ్లిపోయాక ఇంటి యజమానురాలు, మేమంతా మామా అని పిలిచే ఆవిడ, ఈమెకు గరిటె ఇచ్చి చూసింది. శుక్రవారం మధ్యాహ్నం విందు కుదిరితే వంటగది ఈమెదే. కుదరకపోతే మళ్లీ చీపురే.

మామా కొడుకు స్పెయిన్ చూసి వచ్చాడు. అక్కడ కావా అనే వైన్ చేస్తారు. సీసాలోనే రెండోసారి పులియనిస్తారు, ఆ బుడగలు అలా పుట్టినవే. కువైట్‌లో మద్యం కుదరదు కనుక, ఆల్కహాల్ తీసేసిన స్పెయిన్ బుడగల పానీయం ఆరు సీసాలు తెప్పించాడు. ఆ ఇంట్లో బుడగలున్నది ఏదైనా చివర్లో మిఠాయితోనే ఇస్తారు. మామా ఆజ్ఞ కూడా అదే: పాకం పోసిన అరబ్బు మిఠాయి కునాఫాతో ఇవ్వండి.

వంటమ్మాయి సీసాను రెండు వేళ్లతో ఎత్తి చూసింది.

"అన్నయ్యా, ఇది చూత్తే మందు సీసాలా ఉందండి. మా పాస్టరుగారికి తెలిత్తే ఇంకేవన్నా ఉందా!"

"ఆల్కహాల్ సున్నా అని రాసిండేది కనపళ్యా? సీసా ఆకారానికి భయపడితే ఎట్లమ్మా?"

"సరేనండి. మరి కునాఫాకి బాగుంటదా?"

"బ్రహ్మాండంగా ఉంటాది. తీపికి బుడగలు తోడైతే ఎవురు వద్దంటారు?"

"మీరు తాగారా?"

"లేదు."

"మరి చెప్పేత్తారేంటండీ? రోజూ నాకు రుజువు రుజువంటా క్లాసు పీకుతారు కదా!"

ఒక సీసా తెరిచి చూస్తామని మామాను అడగమన్నాను. అతిథుల కోసం తెచ్చినది వండే మనిషి ముందుగా రుచి చూడటం ఆ ఇంట్లో అంతవరకు లేదు. మామా కనుబొమలు ఎత్తింది. తర్వాత "యల్లా", సరే కానివ్వండి, అంది.

చల్లటి సీసా తెరిచాం. ముందు కునాఫా ముక్క, వెంటనే ఒక గుక్క. ఇద్దరి మొహాలూ ముడుచుకున్నాయి. ఆ పానీయంలో తీపి చాలా తక్కువ. పాకం తిన్న నోటికి అది చక్కెర వేయని నిమ్మనీళ్లలా తగిలింది. అప్పుడామె జుబైది, అంటే మన చందువ, ముక్కలకు ఉప్పూ కారం పట్టించి రవ్వలో దొర్లించి వేయించింది. వేడివేడిగా కొరికి గుక్క వేశాం. నూనె జిడ్డు కడిగినట్టు పోయి, చేప రుచి మాత్రం మిగిలింది. చెయ్యి దానంతటదే ఇంకో ముక్క మీదికి వెళ్లింది. ఉప్పు బాదం పప్పుతో కూడా బాగుంది. కారం ఎక్కువ పట్టిన ముక్కతో మాత్రం బుడగలు నాలుకను గుచ్చాయి.

"కారం తగ్గిత్తానండి," అంది. అంతలోనే మొహం చిన్నబోయింది. "మామా కునాఫాతో అన్నారు. కాదంటే చీపురే కదండీ."

"నేను చెప్తా పద."

"అమ్మో, వద్దు. మీరు చెప్తే ఉపన్యాసం అయిపోద్ది."

ఒక పళ్లెంలో చేప ముక్క, కునాఫా ముక్క, రెండు గ్లాసులు పెట్టుకుని తనే వెళ్లింది. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. "మామా, దీంతో ఒకటి, దాంతో ఒకటి. మీరే చూడండి," అని వచ్చీరాని అరబ్బీలో చెప్పింది. మామా కునాఫా తిని తాగి, గ్లాసు పక్కకు నెట్టింది. చేప తిని తాగిన గ్లాసు మాత్రం ఖాళీ చేసింది.

"ఖలాస్, ఇంక అంతే. చేపతోనే."

విందులో చందువ పళ్లెం మూడుసార్లు ఖాళీగా వంటగదికి తిరిగొచ్చింది. కునాఫా వెంట చాయ్ వెళ్లింది. సాయంత్రం మామా సామాన్ల గది తాళాలు ఆమె చేతిలో పెట్టింది. చీపురు మూలనే ఉండిపోయింది.

ఆ ఇంటి ఆచారం తప్పింది, దానికి వంతపాడిన నేనూ తప్పాను. ఇద్దరినీ సరిదిద్దింది వండే మనిషి నాలుక. మీ ఇంట్లోనూ వండే మనిషి ఉంది కదా? రేపటి విందులో మొదటి ముక్క, మొదటి గుక్క ఆమెకు ఇవ్వండి. ఆమె మాట వినకుండా ఎవరికీ వడ్డించకండి.