ఇడువని పిడికిలి

ఎనభైల ఆఖర్ల నాకు మీసాలొస్తున్న రోజులవి. నన్ను చూసినోళ్లంత ‘వీనికి కాలు ఒక్కదిక్కు నిలువది’ అనేటోళ్లు. నిజమే. నిలబడితే అటిటు తిరిగేటోన్ని, కూసుంటే పిడికిళ్లు మూసుకుంట తెరుసుకుంట ఉండేటోన్ని. జరసేపు కదలకుంటే నా ఒళ్లు కట్టె లెక్క బిగుసుకపోయేది మరి. లేచి అడుగేస్తే తొడలు పట్టేసి ముంగటికి పడేటోన్ని. కొంచెం నడిస్తే అంత సాఫ్. (ఎవలికి చెప్పినా నమ్మకపోయేది, అందుకే చెప్పుడు బంద్ చేసిన.) మాది మగ్గం నేసే ఇల్లు. పొద్దున్నే మగ్గం ముందల కూసుంటే పోగుల నడుమ అటిటు ఉరికే నాడె పట్టిన చెయ్యి దాన్ని ఇడువకపోయేది. బాపు దాన్ని బద్ధకమనేటోడు, అవ్వ గాలి సోకిందనేది.

ఇద్దరి పోరు పడలేక నార్కట్‌పల్లి మీదికెల్లి పోయే ఒక ప్రైవేటు బస్సుల కండక్టరుగ చేరిన. ముందు సీటు కాడికెల్లి ఎనుక సీటు దాక తిరుగుడే తిరుగుడు, ఇగ బిగుసుకపోయే తీరికేది? డ్రైవరు చాచా మురిసిపోయి, ఇసొంటి హుషారు పోరడు దొరకడని బస్సు యజమాని సేటుకు చెప్పిండు.

చెప్పకున్నా బాగుండు. ఒక చలికాలం పొద్దున సేటు నన్ను పర్మనెంటు చేస్తనని స్వయంగ వచ్చిండు. నేనప్పుడే చన్నీళ్లతోని చేతులు కడుక్కున్న. ఆయన చెయ్యి చాపిండు. నేను మర్యాదకు గట్టిగ పట్టిన. పట్టింది పట్టినట్టే ఉన్నది. సేటు నవ్విండు, తర్వాత నవ్వు ఆపిండు, తర్వాత గుంజిండు. బస్సుల ఉన్నోళ్లు కిటికీలకెల్లి తలలు బయటవెట్టి, పోరడు సేటును బెదిరిస్తుండని తేల్చేసిన్రు. చాచా దిగొచ్చి, “బేటా, జర ఇడువు. ఆయన మాలిక్” అన్నడు మెల్లగ.

“వేళ్లు ఇడుస్తలేవు చాచా” అన్న.

అవి వాటంతట అవి వదిలేదాక ముగ్గురం అట్లనే నిలబడ్డం. ముందుగాల దవాఖానకు పోయి రా, తర్వాతనే నౌకరి సంగతి అన్నడు సేటు, చెయ్యి పిసుక్కుంట.

బాపును తోలుకొని పట్నంల పెద్ద దవాఖానకు పోయిన. డాక్టరమ్మ నా బొటనవేలు కింద చిన్న సుత్తితోని కొట్టింది; వేలు లోపలికి ముడుసుకొని అట్లనే ఉన్నది. కండ పొర మీద లవణాలు వచ్చిపోయే సన్నని దార్లుంటయట. బిగిసిన కండ మళ్ల సడలాలంటే ఒక రకం దార్లు సక్కగ తెరుసుకోవాలె, నాయి తెరుసుకుంటలేవట. కదులుతుంటే సర్దుకుంటది, చలికి ఎక్కువైతది, గోలీలున్నయి, ప్రాణానికి ఫికర్ లేదన్నది. పుట్టుకతోని వచ్చేదాయె, ఇంట్ల ఇంకెవలికన్న ఉన్నదా అనడిగింది. లేదన్నడు బాపు. ఆమె ఊకోక, తన చెయ్యి గట్టిగ పట్టి ఇడువుమని బాపుకు చెప్పింది.

బాపు పట్టిండు. ఇడువలే. నేల చూపులు చూసుకుంట, “అందరి చేతులు గిట్లనే ఉంటయనుకున్న డాక్టరమ్మా” అన్నడు.

మేం లేవకముందే ఆయన వాకిట్ల ఎందుకు తిరిగేటోడో నాకప్పుడు సమజయింది. నవ్వొచ్చింది. వాపసొచ్చెటప్పుడు బాపు నన్ను బద్ధకస్తుడని ఒక్కసారి గూడ అనలే. రోడ్డు దాటెటప్పుడు చిన్న పోరన్ని పట్టుకున్నట్టు నా చెయ్యి పట్టిండు. దాటినంక గూడ పట్టుకొనే ఉన్నడు. మా బస్సొచ్చింది, జనం ఎక్కిన్రు, పోయింది.

“పోనీయి, ఇంకోటొస్తది” అన్నడు.

అప్పటి నన్ను, ఆ కండక్టరు పోరన్ని తలుసుకుంటే ఇప్పటికీ నవ్వొస్తది. ఎక్కుండ్రి ఎక్కుండ్రి అని లోకాన్నంత తొందరపెట్టెటోడు, ఆ పూట బస్సు తప్పిపోయినందుకు లోపల్లోపల ఎంత సంబురపడ్డడో.