ఓబులేసు పేరు చదవని ఆదివారం

కొన్నేళ్లుగా ఒక మనిషి పేరు నా గుండె మీద బండలా కూర్చుంది. బతికున్నప్పుడు ఆ మనిషంటే నాకు గిట్టేది కాదు. పోయాక కూడా గిట్టలేదు. ఇది చదివి నన్ను ఓదార్చే పని పెట్టుకోకు. నువ్వెవరో నాకు తెలియదు, నేనెవరో నీకు తెలియదు. తెలిసినవాళ్లకు చెప్పేంత ధైర్యం లేకనే నీకు చెబుతున్నాను.

నేను నంద్యాల, ఆళ్లగడ్డ మధ్య తిరిగే బస్సులో కండక్టరుగా చేసి రిటైరైనవాణ్ణి. ఆళ్లగడ్డలో మా చర్చి సంఘానికి కార్యదర్శిని. కరోనా రెండోసారి వచ్చి, కాస్త నెమ్మదించి, చర్చి తలుపులు మళ్లీ తీయనిచ్చిన రోజులవి. దేశమంతా ఇంత ఏడుపు ఏడుస్తుంటే సంఘం ఏం చెయ్యాలని కమిటీలో మాట వచ్చింది. ఒకాయన ఇది దేవుడి తీర్పన్నాడు. ఇంకొకాయన మనవాళ్ల కోసం ఉపవాస ప్రార్థన పెడదామన్నాడు. మా పాస్టరు అయ్యగారు అంతా విని, "మనోళ్లు, పరాయోళ్లు అని ఏరుకోని ఏడిస్తే అది ప్రార్థన ఎట్లయితాదప్పా?" అన్నారు.

మా సంఘంలో ఎవరు పోయినా గంట కొట్టడం తాతల నాటి అలవాటు. బయటివాళ్లకు ఎప్పుడూ కొట్టలేదు. ఈసారి ఊళ్లో పోయినవాళ్లందరి పేర్లూ, ఏ కులమైనా ఏ మతమైనా, ఆదివారం మైకులో చదివి, పేరుకొక గంట కొట్టాలని తేల్చారు. పేర్లు రాసుకొచ్చే పని నాది. ఒక్క ఇల్లు తప్ప ఇల్లిల్లూ తిరిగాను. కుట్టుమిషను సాయిబు, పూలమ్మే ముసలామె, బేతంచెర్ల నుంచి నాపబండలు తోలే లారీ డ్రైవరు, అందరినీ రాశాను. ఎంత మంచి పని చేస్తున్నానో అని లోపల పొగరు కూడా ఉండింది.

శనివారం సాయంత్రం ఓబులేసు భార్య చర్చి గేటు దగ్గరికి వచ్చింది.

ఓబులేసు భూములున్న మనిషి. మా సమాధుల తోటకు పోయే దారిలో వాళ్ల ఇల్లు. మా నాయన పోయినప్పుడు ఆ వీధిలో శవపెట్టెకు అడ్డం నిలబడి, మా శవాలు అటు రాకూడదని, చుట్టూ తిరిగి పొమ్మన్నాడు. ఆ రోజు వాన. కాలువ గట్టు మీద జారుకుంటూ మోశాం. ఒకచోట పెట్టె ఒరిగి నేలకు తగిలింది. లోపల మా నాయన కదిలిన చప్పుడు విన్నాను. దాన్ని మరిచిపొమ్మని ఎవరైనా అంటే ఇప్పటికీ వాళ్ల మీదికి పోతాను.

"సచ్చిపోయినోళ్ల పేర్లు మైకులో సదువుతాండారంట గదప్పా" అందామె. "మా ఆయప్ప పేరు గూడా రాస్తావా? నంద్యాల ఆసుపత్రిలో పోయినాడు. మాకు సూపిచ్చను గూడా లేదు. యాడ కాల్చినారో తెల్దు. నలుగుట్లో ఒకసారి పేరు ఇనపడితే సాలు."

"రాస్తాలేమ్మా" అన్నాను.

చేతిలో పెన్నుంది, కాగితముంది. రాయలేదు. మరిచిపోయానా? లేదు. నాయన మీద ప్రేమా? ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నది అదే. కానీ ఓబులేసును నిలబెట్టి అడగాల్సిన రోజుల్లో అతని ముందు నోరు మెదపనివాణ్ణి, టికెట్టు ఇచ్చేటప్పుడు కూడా అన్నా అని పిలిచినవాణ్ణి, అతను బూడిదయ్యాక అతని పెళ్లాం మీద కసి తీర్చుకున్నాను. దీన్ని ప్రేమ అనడానికి నాకు సిగ్గుండాలి.

మర్నాడు ఆమె గేటు బయట చెప్పులు విడిచి, తలమీద కొంగు కప్పుకుని నిలబడింది. అయ్యగారు పేరు చదివిన ప్రతిసారీ తల ఎత్తింది. గంట మోగాక దించింది. నేను మెట్ల మీద నుంచి చూస్తూనే ఉన్నాను. లోపలికి వెళ్లి అయ్యగారి చెవిలో ఒక్క మాట వేస్తే సరిపోయేది. కావలసినంత సమయం ఉంది. వెళ్లలేదు. నాకు సంతోషమేసింది. అవును, సంతోషమే.

ఆరాధన అయిపోయాక ఆమె నా దగ్గరికి వచ్చింది. "రాలేదే అప్పా, పేరు?"

"కమిటీ వొద్దనింది."

ఆమె కోప్పడలేదు. "అంటారులేప్పా. మీ నాయన పెట్టెను ఆపిన పొద్దు నేను గూడా వాకిట్లోనే ఉండా. ఆయప్పకు అడ్డం సెప్పలేకపోతి. మీ సంఘాన్ని తప్పు పట్టేదేముంది" అని చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది.

ఆమె నిజం చెప్పింది. నేను అబద్ధం ఆడాను. ఊరందరి కోసం ఏడవాలని కూర్చున్న సంఘాన్ని ఒక మనిషి పేరు తోసేసిన సంఘంగా మార్చాను. ఆ వీధివాళ్లు నేటికీ అదే నమ్ముతున్నారు. అయ్యగారు జాబితా పూర్తిగా చదివాననే అనుకుంటూ వేరే ఊరికి మారిపోయారు. కమిటీలో అందరూ నన్ను నెమ్మదస్థుడంటారు. వింటుంటే ఒళ్లు మండుతుంది, వాళ్ల మీద కాదు.

ఆమె బతికే ఉంది. బస్టాండులో ఎదురైతే "బాగుండావా అప్పా" అంటుంది. నేను అరటిపళ్ల బండి వైపు తిరుగుతాను. ఇది ఆమెకు చెప్పాల్సిన మాట, నీకు కాదు. ఆ సంగతి నాకు తెలుసు. ఓబులేసును నేను క్షమించలేదు, అది కూడా తెలుసు.

ఆ ఆదివారం సంఘం ఎవరినీ వద్దనలేదు. వద్దన్నది నేనొక్కణ్ణే. ఈ మాట కాగితం మీద పెట్టడం ఇదే మొదలు. కాస్త ఊపిరాడుతోంది, అంతే.