మిద్దె మీద గడ్డి

మా బిల్డింగుకు ప్రకృతి అంటే ప్రాణమని గుమ్మం పక్కన ఇత్తడి పలక మీద చెక్కి ఉంటుంది. కింది అంతస్తులో నాకు జిరాక్సు షాపు ఉంది కాబట్టి ఆ ప్రాణం సంగతి రోజూ దగ్గర్నుంచి చూస్తుంటాను. కడప ఎండలకు పడమటి వైపు మొత్తం అద్దాలు పెట్టి కట్టిన బిల్డింగు ఇది. మధ్యాహ్నం దాటితే లోపలున్నవాడు ఉడికన్నా పోవాలి, ఏసీ అన్నా వేసుకోవాలి. అందరూ ఏసీలే వేసుకుంటారు. వాటి వేడిగాలంతా వెనక సందులోని ఇళ్ల మీదికి పోతుంది. దీన్ని హరిత భవనం అంటారు.

ఈ హరితంలో ఇరుక్కున్న మనిషి మా వాచ్‌మన్ గురుస్వామి. నేను చెప్పబోయేది ఆయన సంగతే. కానీ ఆయన్ని పనిలో పెట్టుకున్న మహానుభావుడి గురించి ముందు నాలుగు ముక్కలు చెప్పక తప్పదు.

ఓనరు పేరు సోమశేఖర్. ఎర్రగుంట్ల వైపు కంకర మిషన్లు నడిపి పైకొచ్చాడు. ఆ మిషన్ల చుట్టుపక్కల చెట్ల ఆకులు పచ్చగా ఉన్నాయో లేదో తెలియాలంటే తుడిచి చూడాలి. అలాంటి మనిషికి ఉన్నట్టుండి ప్రకృతి మీద ప్రేమ పుట్టుకొచ్చింది. ఎందుకు పుట్టదు? పై అంతస్తులు అద్దెకు తీసుకుంటామని వచ్చిన హైదరాబాదు కంపెనీ వాళ్లు, బిల్డింగుకు గ్రీన్ సర్టిఫికెట్ ఉంటేనే చేరతామన్నారు. ఆ రోజు నుంచి ఈయన చేతిలో ప్లాస్టిక్ నీళ్ల సీసా పోయి రాగిచెంబు వచ్చింది.

సర్టిఫికెట్ తెప్పించే పనికి క్రాంతి కుమార్ అనే కుర్రాణ్ణి పెట్టుకున్నాడు. కడప వాడే. బెంగళూరులో ఏదో కోర్సు చేసి కన్సల్టెంటు అయ్యాడు. వాడి కాగితాలన్నీ నా షాపులోనే జిరాక్సు తీయించుకునేవాడు కాబట్టి నాకూ కాస్త చదువు వచ్చింది. సైకిల్ స్టాండు పెడితే మార్కులట. పెట్టారు, అందులో సోమశేఖర్ కారు నిలబెడతాడు. చేయి చూపిస్తే నీళ్లు వచ్చే కొళాయిలకు మార్కులట. బిగించారు, వాటికి చేయి కాదు గదా కాలు చూపించినా నీళ్లు రావు. తడిచెత్తకొకటి, పొడిచెత్తకొకటి, ఇంకా దేనికో ఇంకొకటి, రంగురంగుల డబ్బాలు పెట్టారు. సాయంత్రం అన్నీ ఒకే ట్రాక్టరులో గుమ్మరిస్తారు. చుట్టుపక్కల దొరికే రాయి వాడితే కూడా మార్కులేనట. కడపలో నాపరాయి కాలికి తగులుతుంది. అయినా నేలంతా రాజస్థాన్ పాలరాయి పరిచి, మెట్ల కింద ఎవరూ చూడని చోట నాలుగు నాపబండలు వేసి వాటికి ఫొటోలు తీశాడు మా క్రాంతి.

"ఏమప్పా క్రాంతీ, ఈ అద్దాలకు మార్కులు కోసేయరా?" అని ఒకసారి అడిగాను.

"అది డే లైటింగ్ కిందికి వస్తుందంకుల్. దానికీ పాయింట్స్ ఉన్నాయి" అన్నాడు. వెలుతురు బాగా వస్తోందని మార్కులు, ఆ వెలుతురు భరించలేక తెరలు దించుకుని లైట్లు వేసుకుంటే అది ఎవడూ అడగడు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఇక గురుస్వామి. ఊరు కోసిగి పక్కన. వానలు సరిగ్గా పడని నేల. పంట ఇంటికి రాని ఏడు ఆ ఊళ్లవాళ్లు ఇంటికి తాళం వేసుకుని, తట్టాబుట్టా లారీకెక్కించుకుని గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోతారు. దానికి వాళ్లు సుగ్గి అని పేరు పెట్టుకున్నారు. వినడానికి పండగలా ఉంటుంది. పొలం గట్టున పట్ట కప్పుకున్న గుడిసె, పగలంతా వంగిన నడుము, రాత్రంతా మండే చేతులు, అదీ ఆ పండగ. గురుస్వామి, ఆయన భార్య మల్లక్క పెళ్లయినప్పటి నుంచీ పోతున్నారు. చివరిసారి పోయినప్పుడు మిరప ఘాటుకు మల్లక్కకు దగ్గు పట్టుకుని, చేలోనే పడిపోయింది. ఊపిరి తిరగడానికి చాలాసేపు పట్టిందట. అప్పుడు గురుస్వామి ఆమెకు మాట ఇచ్చాడు, ఇంక సుగ్గికి పోయేది లేదని. ఎవరినో పట్టుకుని, ఎవరి కాళ్లో మొక్కి, మా బిల్డింగులో వాచ్‌మన్‌గా చేరాడు. మెట్ల కింద గది ఇచ్చారు. ఆ గది ఉన్నంత వరకే ఆ మాట నిలుస్తుందని ఆయనకు తెలుసు. అందుకే సోమశేఖర్ దగ్గితే ఈయన లేచి నిలబడేవాడు.

ఆ లేచి నిలబడటం చూస్తే నాకు చిరాకుగా ఉండేది. నా చిరాకు దాచుకోవడం ఎందుకు?

గురుస్వామికి ఊళ్లో ఇంకో పని వచ్చు. మట్టి మిద్దెలకు చవుడు వేసేవాడు. మా సీమలో పాత ఇళ్లకు పైన మట్టి కప్పే. వానలకు ముందు దాని మీద చవుడు మన్ను పోసి తొక్కాలి, వాన పడ్డాక మొలిచిన గడ్డిని ఎప్పటికప్పుడు పీకాలి. గడ్డి వేరు దిగిందంటే ఆ దారినే నీళ్లు దిగి ఇల్లు కారుతుంది. మిద్దె మీద గడ్డి కనపడిందంటే ఆ ఇంటి మగవాడు సోమరిపోతని ఊరంతా నవ్వుతుంది. గురుస్వామి ఇంటి మిద్దె మీద ఏనాడూ గడ్డిపోచ లేదని మల్లక్క గొప్పగా చెప్పుకునేది.

ఇప్పుడు చూడండి ఏమైందో. క్రాంతికి చిట్టచివర మార్కులు తక్కువ పడ్డాయి. మిద్దె మీద గడ్డి పెంచితే అవి వస్తాయన్నాడు. స్లాబు మీద నీళ్లు దిగని పూత వేసి, పైన ఎర్రమన్ను పరిచి, అందులో గడ్డి విత్తనాలు చల్లించాడు. ఆ పని జరిగినప్పుడు గురుస్వామి ఊళ్లో ఎవరిదో కర్మంతరానికి పోయి ఉన్నాడు. తిరిగొచ్చాక ఆయనకు ఒక్క మాట చెప్పాలని ఎవడికీ తోచలేదు. వాచ్‌మన్‌కు చెప్పేదేమిటి? ఈయన పైకి వెళ్లి మన్ను చూసుకుని ఎంత సంబరపడ్డాడో! నా షాపుకు వచ్చి మరీ చెప్పాడు.

"సార్, మనోళ్లు శానా మంచి పని చేసిండారు. ఇంత పెద్ద బిల్డింగుకు మట్టి మిద్ది ఏసిండారు. ఎండ దిగదు ఇంగ."

గడ్డి సంగతి నాకూ అప్పటికి తెలియదు.

తరువాత మంచి వాన పడింది. గడ్డి మొలిచింది. క్రాంతి వచ్చి ఫొటోలు తీసుకుని, సర్టిఫికెట్ ఇచ్చే పరిశీలకుడు వచ్చే వారమే వస్తున్నాడని సోమశేఖర్‌కు చెప్పి వెళ్లాడు. గురుస్వామి కూడా గడ్డిని చూశాడు. చూసి కంగారు పడ్డాడు. మిద్దె కారితే, రేపు చేరబోయే కంపెనీ కంప్యూటర్లు తడిస్తే, ఎవరి మీదికి వస్తుంది? ఆదివారం బిల్డింగు మూసి ఉండగా మొగుడూ పెళ్లాం ఇద్దరూ పైకెక్కి ఒక్క పోచ మిగల్చకుండా పీకేశారు. అంతటితో ఆగితే బాగుండేది. ఊరి బయట ఎక్కడో చవుడు కనిపెట్టి, ఆటోలో తెప్పించి, మన్ను మీద పొరగా పోసి, నీళ్లు చల్లి, చక్కగా తొక్కి పెట్టారు. చవుడు ఉప్పు మన్ను. దాంట్లో గడ్డి కాదు, పాపం కూడా మొలవదు.

సోమవారం పొద్దున సోమశేఖర్, క్రాంతి కలిసి వచ్చారు. గురుస్వామి ఎదురెళ్లి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సార్, మీరు చూసుకోల్యా. మిద్ది నిండా గడ్డి మొలిచిండె. అంతా పీకేసి చవుడు తొక్కినా. ఇంగ సుక్క కారదు."

క్రాంతి మెట్లు ఎక్కిన వేగం చూడాలి. పైన వాడు పెట్టిన కేక నా షాపులోకి వినపడింది. సోమశేఖర్ అయితే రాగిచెంబు విసిరికొట్టాడు.

"ఒరేయ్, మూట కట్టుకో! సాయంత్రానికి నువ్వూ నీ పెండ్లామూ ఈడ కనపడకూడదు!"

గురుస్వామికి ఏమీ అర్థం కాలేదు. మిద్దె మీద గడ్డి కావాలని పెంచుకునే మనుషులు ఉంటారని ఆయనకు ఎలా తెలుస్తుంది? తప్పు ఆయనదే, కాదనను. కాంక్రీటు స్లాబుకు, మట్టి మిద్దెకు తేడా తెలుసుకోవాల్సింది. ఒకసారి అడిగి ఉండాల్సింది. కానీ సుగ్గి లారీ కళ్ల ముందు కనపడుతుంటే, ఆయన సోమశేఖర్ కాళ్ల మీద పడ్డ తీరు చూడలేక నేను షాపులోకి వచ్చేశాను. మల్లక్క మాత్రం పడలేదు. గది ముందు నిలబడి దగ్గుతూ చూస్తోంది.

కాపాడింది క్రాంతే. జాలితో కాదు. వాడికి అప్పటికే ఉపాయం తట్టింది. పెళ్లి మండపాలు అలంకరించే వాళ్ల దగ్గర పచ్చటి ప్లాస్టిక్ గడ్డి చాపలు ఉంటాయి. అవి తెచ్చి మిద్దెంతా పరిచారు. ఎండకు ప్లాస్టిక్కు కాగి వాసన కొడుతుందని, నీళ్లు చల్లుతూ ఉండటానికి ఒక మనిషి కావాల్సి వచ్చింది. కొత్తవాడిని పెడితే బయట చెప్పేస్తాడు. ఈయనైతే నోరు విప్పడు.

"ఉండనీయండి సార్. వీడికి ఇదే శిక్ష" అన్నాడు క్రాంతి, నవ్వుతూ.

పరిశీలకుడు వచ్చాడు. ఎండకు తలుపు దగ్గరే ఆగిపోయాడు. అంత దూరం నుంచే, ఆకుమీద మంచులా మెరుస్తున్న గడ్డిని చూసి, "బ్యూటిఫుల్" అన్నాడు. ఫొటో తీసుకున్నాడు. బిర్యానీ తిన్నాడు. సర్టిఫికెట్ వచ్చింది. సన్మానసభలో సోమశేఖర్ భూమాత గురించి మాట్లాడుతూ కళ్లు తుడుచుకున్నాడు. అది చూసి చప్పట్లు కొట్టినవాళ్లలో సగం మంది ఆయన కంకర మిషన్ల దుమ్ము పీల్చినవాళ్లే.

హైదరాబాదు కంపెనీ చేరింది. అందులో పనిచేసే కుర్రవాళ్లు టీ తాగడానికి మిద్దె మీదికి పోతారు. కాలేజీల నుంచి విద్యార్థులు చూడటానికి బస్సుల్లో వస్తారు. కాలి కింద ప్లాస్టిక్కని తెలిసినా ఎవడికీ పట్టదు, ఫొటోలో పచ్చగా పడితే చాలు. కాబట్టి చాపలు అక్కడే ఉండిపోయాయి, నీళ్లు పెట్టడమూ ఉండిపోయింది. వేసవి ముదిరి వీధి కొళాయి ఎండిపోయినా ఆ ప్లాస్టిక్కుకు మాత్రం ట్యాంకరు నీళ్లు ఆగవు. మల్లక్క కింద బిందె పట్టుకుని వరుసలో నిలబడుతుంది, మొగుడు పైన ప్లాస్టిక్కును తడుపుతుంటాడు.

ఒకరోజు పైకి వెళ్లి చూసి నాకు కడుపు మండింది.

"ఇంత సిగ్గులేని పని ఎట్ల చేస్తాండావప్పా? ఆ పైపు వాళ్ల మొగాన కొట్టి పో రాదా?" అన్నాను.

గురుస్వామి తల వంచుకున్నాడు. బట్టలు ఆరేయడానికి వచ్చిన మల్లక్క మాత్రం ఊరుకోలేదు.

"యాడికి పోవాల సార్? నువ్వు చెప్పు. మిరపకాయల కల్లంలో ఒక్క దినం ఉండి రా. వచ్చినాక నువ్వేమి చెప్తే అది ఇంటా."

ఊరికే మాటలు విసరడం నాకు బాగా వచ్చు, అంతే.

అంతలో గురుస్వామి ఫోను మోగింది. ఊరి నుంచి ఆయన తమ్ముడు రామాంజి. లారీ బయలుదేరుతోందట, మిరపకోతలకు వస్తారా అని అడుగుతున్నాడు. ఫోను గట్టిగా వినపడుతోంది. ఒక చేత్తో పైపు పట్టుకునే మాట్లాడాడు గురుస్వామి.

"రాల్యామప్పా. ఈడ పని ఉండాది."

"ఏం పని న్నా?"

"మిద్ది మీద గడ్డికి నీళ్లు పెడ్తాండా."

అవతల రామాంజి పగలబడి నవ్వాడు. పక్కన ఎవరెవరికో చెప్పాడు. వాళ్లూ నవ్వారు. మన ఊరి మిద్దెలన్నీ చక్కబెట్టినోడివి, గడ్డి పెంచుతాండావా అన్నాడు. గురుస్వామి వాళ్ల నవ్వు అయ్యేదాకా ఓపిగ్గా ఉండి, "అవునప్పా, బాగా పెరిగిండాది" అని చెప్పి ఫోను పెట్టేశాడు.

"ప్లాస్టిక్కని చెప్పలేదేం?" అన్నాను.

ఆయన పైపు నీళ్లు ఇంకో మూలకు తిప్పాడు.

"గడ్డి అంటే నగినారు సార్, నగనీ. ప్లాస్టిక్కుకు నీళ్లు పోస్తాండానని తెలిస్తే, నేను సచ్చినా వాళ్లు నా ఇంటికి రారు."