నాలుగు జానల చోటు

నేను చదివింది ఊరి బడిలో ఐదో తరగతి, అదీ సగమే. కానీ ఆ కారు వచ్చేనాటికి ఈ రెండు చేతులతో నూట అరవై రెండు ఇంజన్లు దింపాను, ఎక్కించాను. నదికి అవతలి నుంచి కూడా లారీలు వచ్చి నా షెడ్డు ముందు వరస కట్టేవి. నా దగ్గర బాగుపడి వెళ్ళిన బండి ఒక్కటీ తాడు కట్టించుకుని వెనక్కి రాలేదు. చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు. కాదనేవాళ్ళెవరైనా ఉంటే రమ్మనండి.

టేపు నేనెన్నడూ ముట్టలేదు. జాన పెట్టేవాణ్ణి, చాలకపోతే వేళ్ళు పెట్టేవాణ్ణి. ఏ ఇంజను ఎన్ని జానలో ఎక్కాల్లా నోటికొచ్చు.

మొన్న వేసవిలో మా బామ్మర్ది తన పాత కారు తెచ్చాడు. వాడు కొండదారిలో మనుషుల్ని చేరవేస్తాడు. నలుగురెక్కితే చాలు, మూడో మలుపు దగ్గర బండి చతికిలబడుతుంది.

"ఇంకోసారి జనం దిగి తోశారంటే నా బండి ఎవడూ ఎక్కడు బావా. స్టీరింగు వదిలేసి ఏ గోడౌనుకో కాపలా పోవాలి."

"వ్యాను ఇంజను పెడదాం. అది పెద్దది."

"ఇందులో పడుతుందా?"

"ఎవర్ని అడుగుతున్నావురా?"

బానెట్ ఎత్తి, ఇంజను వెనక రేకు నుంచి రేడియేటరు దాకా జాన పెట్టాను. సరిగ్గా నాలుగు. వ్యాను ఇంజను మూడున్నర అని ముప్పై ఏళ్ళుగా తెలుసు. ఇంకా అర జాన మిగులు. పాత ఇంజను దింపి, దాన్ని మోసే పట్టీలు కోయించేశాను. పాత ఇనుము కొట్టువాడు దాన్ని ఆ రోజే పట్టుకుపోయాడు.

మర్నాడు గొలుసుకు వేలాడుతూ పెద్ద ఇంజను దిగింది. ఫ్యాను రెక్క వెళ్ళి రేడియేటరుకి తగిలింది. ఎత్తాం, తిప్పాం, మళ్ళీ దించాం. లాభం లేదు, రెండు వేళ్ళ చోటు తక్కువ. మూడోసారికి నా నడుము నా మాట వినడం మానేసింది.

"మేస్త్రీ, రాత్రికి రాత్రి ఇంజనుకు ఒళ్ళొచ్చినట్టుందే," అన్నాడు పక్క షెడ్డు వెల్డరు.

బామ్మర్ది నవ్వలేదు. ఖాళీ అయిపోయిన తన కారు ముందు నిలబడి, పాత ఇంజను ఉన్న చోటే చూస్తున్నాడు.

టీ తెచ్చిన మా ఆవిడ కాసేపు చూసి, "ఏమండీ, ఏదీ జాన చాపండి," అంది. చాపాను. నా చేతి మీద తన చెయ్యి పెట్టింది. రెండూ సరిసమానం.

"అప్పట్లో మీ జాన నాదానికంటే రెండు వేళ్ళు ఎక్కువ కాదూ? నెలరోజుల్నుంచి సీసా మూతలు నేనే తీస్తున్నా. మీ వేళ్ళు విచ్చుకోవడం లేదండీ."

ఇంజను కొలత నేను వయసులో ఉన్నప్పటి చేతిది. కారు కొలత ఈ ముసలి చేతిది. ఆ సంగతి నాకు తప్ప ఇంట్లో అందరికీ తెలిసినట్టుంది.

"తప్పు కొలిచానురా," అన్నాను బామ్మర్దితో. నలభై ఏడేళ్ళలో ఆ మాట అనడం అదే మొదలు.

"సరేలే బావా, ఇప్పుడేం చేద్దామో చెప్పు."

వెల్డరు తన టేపు నా చేతిలో పెట్టాడు. దాంతోనే మళ్ళీ కొలిచాను. రేడియేటరును ముందుకు జరపాలంటే బానెట్ గడియ ఉన్న రేకు కోసెయ్యాలి. కోశాం, ఇంజను కూర్చుంది. గడియ పోయింది కాబట్టి బానెట్‌ను తాడుతో కట్టాను. కొత్త గడియ దొరికేదాకా అంతే. ముడి వేస్తుంటే తల కొట్టేసినట్టనిపించింది.

మర్నాడు పొద్దున్నే నలుగురిని ఎక్కించుకుని వాడు కొండకి బయల్దేరాడు. నేను షెడ్డులో బల్ల మీద కూర్చుండిపోయాను. పానా కూడా ముట్టలేదు. గంటకి ఫోను మోగింది.

"బావా, మూడో మలుపు దాటేశాం. ఒక్కడు దిగితే ఒట్టు!"

"బానెట్?"

"నీ తాడుకేం, గట్టిదే. అక్కకి చెప్పు, సాయంత్రం భోజనానికొస్తున్నా."

అది నూట అరవై మూడో ఇంజను. ఇక చాలనిపించింది. వెల్డరు టేపు ఇంకా నా జేబులోనే ఉంది. పక్క షెడ్డు పది అడుగుల దూరం. లేచి ఇచ్చి రావడానికి ఓపిక లేదు.